శాంతా ఇనెస్‌కి దారి

మా ఆయన మెలితోన్ ఏడాదికి రెండుసార్లు మీసం దిద్దుకుంటాడు. ఒకసారి ఈస్టరుకి, ఇంకోసారి నవంబరులో మా ఊరి యాత్రకి ముందు రోజు. ఈస్టరు మీసం దేవుడి కోసం. నవంబరు మీసం ఎవరి కోసమో మా సాన్ లూకాస్‌లో కోళ్ళని అడిగినా చెబుతాయి.

ఆవిడ పేరు దెల్ఫినా. శాంతా ఇనెస్‌లో ఉంటుంది. నన్ను చేసుకోకముందు మెలితోన్ రెండేళ్ళ పాటు ప్రతి ఆదివారం ఆ ఊరు నడిచి వెళ్ళి, ఆవిడ కిటికీ కింద క్లారినెట్ వాయించి వచ్చేవాడు. క్లారినెట్ వాయిస్తే కడుపు నిండదని వాళ్ళ నాన్న ఆవిణ్ణి చెరకు మిల్లులో కాటా గుమస్తాకిచ్చి పెళ్ళి చేశాడు. ఆ పెళ్ళి పందిరి ఎండకముందే మెలితోన్ మా గుమ్మంలో నిలబడ్డాడు. నాకప్పుడు పదిహేడేళ్ళు. క్లారినెట్ వినగానే ఒళ్ళు తెలియలేదు. ఆ పాట వేరే కిటికీ కోసం కట్టిందని పెళ్ళయ్యాక ఎవరో చెప్పారు. చెప్పేవాళ్ళకేం పోయింది, పుణ్యానికి చెబుతారు.

ముప్పై ఏళ్ళు గడిచాయి. నలుగురు పిల్లల్ని కన్నాను. మొక్కజొన్న పిండిమర పెట్టి ఇల్లు నిలబెట్టాను. ఇన్నేళ్ళలో మా ఆయన గడప దాటి తప్పు చేశాడని నేను అనలేను, అంటే నా నోట్లో పురుగులు పడతాయి. అయినా నవంబరు వచ్చిందంటే చాలు, కడుపులో మంట మొదలయ్యేది. "ఆవిడ నిన్నేం చేసిందే, ఎందుకా ఏడుపు?" అని మా అక్క అడిగేది. ఏమీ చెయ్యలేదు, అదే నా ఏడుపు. ఏదైనా చేసి ఉంటే జుట్టు పట్టుకుని ఉండేదాన్ని.

అలాంటిది, దెల్ఫినా మొగుడు చనిపోయాడు. ఏడాది మైల పట్టి, నవంబరు మొదట్లో నల్లబట్టలు తీసేసింది. సరిగ్గా ఆ ఏడే యాత్ర పెత్తనం మా దంపతుల మీద పడింది.

మా యాత్ర విప్లవం రోజుల్ని తలుచుకునే యాత్ర. కర్నల్ సిల్వెస్త్రే దండు తిరిగిన మూడు ఊళ్ళకి ఏటా నవంబరు ఇరవైన మా ఊరు జెండాతో, మేళంతో కదిలి వెళ్తుంది. మొదట శాంతా ఇనెస్, తర్వాత ఒకోతేపా, చివర బర్రాంకా. మా నాన్న ఆ దండులో తుపాకీ మోశాడు. ఒకోతేపాలో వాళ్ళు తలదాచుకున్న జమీందారు ధాన్యపు కొట్టు ఉంది. బర్రాంకాలో తూటాలు దిగిన చర్చి గోడ ఉంది. శాంతా ఇనెస్ వాళ్ళకి చూపించుకోవడానికి ఒక పాత వంటిల్లు తప్ప ఏమీ లేదు, కానీ తిండి దగ్గర వాళ్ళని కొట్టేవాళ్ళు లేరు. ఎండాకాలం మా ఊరి పండక్కి వాళ్ళొస్తే మేం పెడతాం, నవంబరులో మేం వెళ్తే వాళ్ళు పెడతారు. మనింట్లో తిన్నవాళ్ళు తిరిగి పెడతామన్నప్పుడు వెళ్ళకపోతే, మా వైపు దాన్ని ముఖాన ఉమ్మినట్టే లెక్కేస్తారు.

పెత్తనంలో మగాడి వంతు జెండా, మేళం. దారి, బస్సు, ఏ ఊళ్ళో ఎంతసేపు ఆగాలి, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి, ఇదంతా ఆడదాని వంతు. కర్నల్ చిరిగిన జెండా మీద చెయ్యి వేసి ఆవిడ ప్రమాణం చేస్తుంది. ఆ తర్వాత ఏడాదంతా ఆవిడ మాటకి ఎదురు లేదు. ఆవిడ ఎడమకి తిరగమంటే ఊరు ఎడమకి తిరగాల్సిందే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది ఇదే.

ఏర్పాట్లు మాట్లాడుకోవడానికి మా పిండిమర దగ్గరే కూర్చున్నాం. బడిపంతులు ఎవరిస్తో మాష్టారు, బస్సు తోలే రుతిలియో, మా ఆయన, నేను. మాష్టారికి విప్లవం అంటే ప్రాణం. ఆయన ముందు ఎవరైనా ఆవులించినా దేశద్రోహం కిందే లెక్క.

"ఒతీలియమ్మా, ఎప్పట్లాగే మొదట శాంతా ఇనెస్. పొద్దుటి తిండి అక్కడ. మధ్యాహ్నానికి ఒకోతేపా. బర్రాంకా గోడ దగ్గర దండం పెట్టుకుని వెనక్కి" అన్నారు మాష్టారు.

"చీకటి పడకముందే తిప్పెయ్యాలక్కా. నా బస్సుకి ఒంటికన్ను. రెండో లైటు కార్నివాల్లో పగిలింది" అన్నాడు రుతిలియో.

"అది కార్నివాల్లో పగల్లేదు, నువ్వు తాగితే పగిలింది" అన్నాను.

అందరూ నవ్వారు. నాకూ హుషారొచ్చింది. పెత్తనం చెలాయించడం బాగానే ఉంటుంది, ఎందుకు అబద్ధం చెప్పాలి. అప్పుడు మాష్టారు సందులో ఓ మాట వదిలారు.

"శాంతా ఇనెస్ వాళ్ళు కబురు పంపారు. ఈసారి వంట దెల్ఫినా చేతి మీదట. ఏడాది తర్వాత మొదటిసారి బయటికొస్తోంది పాపం. మోలే పులుసు ఆవిడ చేస్తే..." అని వేళ్ళు ముద్దుపెట్టుకున్నారు.

"అలాగా" అన్నాడు మా ఆయన.

అంతే అన్నాడు. కానీ ఆ 'అలాగా' తర్వాత ఒక దగ్గు దగ్గాడు. ఆయనకి జలుబు లేదు. పొద్దున్నుంచీ ఒక్కసారి దగ్గలేదు. ఆ దగ్గుతో నాకు నెత్తిన నిప్పులు పోసినట్టయింది. మొగుడున్నన్నాళ్ళూ దెల్ఫినా గోడకి వేలాడే పటం లాంటిది, చూడొచ్చు గాని ముట్టుకోలేరు. ఇప్పుడా పటం గోడ దిగి, నల్లబట్ట తీసి, చేత్తో మోలే పట్టుకుని నిలబడుతుందట. నేను బస్సు మాట్లాడి, దగ్గరుండి మా ఆయన్ని ఆవిడ ముందుకి తీసుకెళ్ళి దింపాలట.

ఆ వారం వానలు కురిశాయి. దేవుడే దారి చూపించాడనుకున్నాను. దేవుడికి నాలాంటి వాళ్ళతో ఆడుకోవడం సరదా.

మా ఊరి నుంచి శాంతా ఇనెస్‌కి ఒకటే మట్టిరోడ్డు, లోయ వెంబడే పోతుంది. ఏడాదిలో మూడొంతులు దాని మీద మనిషి కనబడడు. శాంతా ఇనెస్ వాళ్ళు సంతకీ ఆసుపత్రికీ అటువైపు తారురోడ్డు మీద పట్నం పోతారు. పండక్కి తప్ప ఇటు రావాల్సిన పని వాళ్ళకి లేదు, యాత్రకి తప్ప అటు పోవాల్సిన పని మాకు లేదు. యాత్ర ఇంకా నాలుగు రోజులుందనగా నేను బుట్ట తీసుకుని ఆకుకూర కోసం వెళ్ళినట్టు వెళ్ళి, వచ్చి, మాష్టారి ఇంటి ముందు నిలబడ్డాను.

"నాగజెముడు మలుపు దగ్గర కొండచరియ విరిగిపడింది మాష్టారూ. రోడ్డు తెగిపోయింది. మేక కూడా దాటలేదు."

ఆయన ముఖం చూడాలి, సొంత ఇల్లు కూలిపోయినట్టు పెట్టారు. "ఎవరు చెప్పారమ్మా?"

"చెప్పడమేంటి, నా కళ్ళారా చూసొచ్చాను."

"ఓసారి నేను వెళ్ళి చూసొస్తే..."

"చూడండి. జెండా మీద చెయ్యి వేసిన దాని మాట చాలకపోతే వెళ్ళి చూసుకోండి" అన్నాను.

ఆ మాట వాడితే ఎవరూ మాట్లాడరు. శాంతా ఇనెస్ మానేసి, పెద్దరోడ్డు మీద నేరుగా ఒకోతేపా వెళ్ళాలని దారి మార్చేశాను. పట్నం మీదుగా శాంతా ఇనెస్ వెళ్ళే ఉప్పు వ్యాపారితో వాళ్ళకి కబురు పంపాను. 'మన మధ్య రోడ్డు తెగిపోయింది, బస్సు రాదు, శ్రమపడి వండొద్దు, మేం ఒకోతేపాలో ఉంటాం' అని. మర్యాదగానే చెప్పించాను, క్షమించమని కూడా చెప్పించాను.

మా ఆయనకి ఆ సాయంత్రం భోజనం దగ్గర చెప్పాను. చిక్కుడు గింజల మీద నిమ్మకాయ పిండుతూ విన్నాడు.

"తెగిపోయిందా?"

"తెగిపోయింది."

"సరే" అన్నాడు. దగ్గలేదు. యాత్రకి ముందు రోజు మాత్రం అద్దం ముందు నిలబడి మీసం దిద్దుకున్నాడు. రోడ్డు లేదని తెలిసీ దిద్దుకున్నాడు. నేను కత్తెర వైపు చూస్తూ నిలబడ్డాను, అది నా చేతిలో లేకపోవడమే మంచిదయింది.

ఇరవయ్యో తారీఖు పొద్దున బస్సు బయల్దేరింది. మట్టిరోడ్డు చీలే చోట రుతిలియో అలవాటుకొద్దీ ఎడమకి తిప్పబోయాడు. "కుడికి!" అని అరిచాను. కుడికి తిప్పాడు. నా గుండెల మీంచి బండరాయి దిగింది. కిటికీలోంచి గాలి వస్తుంటే నాకు పాడాలనిపించింది. అసూయ పడేవాళ్ళకి సుఖం ఉండదంటారు గాని, అబద్ధం. అసూయ గెలిచిన పూట ఉండే సుఖం పెళ్ళినాడు కూడా ఉండదు.

ఒకోతేపా వాళ్ళు మమ్మల్ని బాణాసంచాతో ఎదుర్కున్నారు. ధాన్యపు కొట్టు ముందు జెండా పాతాం. మా ఆయన మేళం వాయించాడు, మాష్టారు ఉపన్యాసం చెప్పారు. బల్లలు వేశారు. నేను మా ఆయన పక్కన కూర్చుని, ఆయన పళ్ళెంలో రొట్టెలు సర్దుతూ, ముప్పై ఏళ్ళలో మొదటిసారి నవంబరు ఇరవైన కడుపు నిండా గాలి పీల్చుకున్నాను.

అప్పుడు చర్చి గంట కొట్టే ముసలాయన పైనుంచి కేకేశాడు. "కొండ మీంచి ఎవరో దిగుతున్నారు! ఆడాళ్ళు!"

అందరం లేచి చూశాం. ఒకోతేపా వెనక కొండ నిటారుగా ఉంటుంది, మేకలు ఎక్కే బాట ఒకటే. ఆ బాట మీద ఒకరి వెనక ఒకరు ఆడవాళ్ళు దిగుతున్నారు. వీపులకి శాలువాలతో కుండలు కట్టుకున్నారు. కొందరి నెత్తిన రొట్టెల బుట్టలున్నాయి. వయసు మళ్ళినవాళ్ళే ఎక్కువ, ఒకరి భుజం ఒకరు పట్టుకుని దిగుతున్నారు.

మాష్టారి కళ్ళు చెమ్మగిల్లాయి. "శాంతా ఇనెస్ వాళ్ళు! అయ్యో తల్లుల్లారా, మళ్ళీ వచ్చారా!" అన్నారు.

ఎవరికి ఏం కబురు పంపానో అప్పుడు గుర్తొచ్చింది. విప్లవం రోజుల్లో సర్కారు సైన్యం శాంతా ఇనెస్ రోడ్డు కోసేసింది. ఒకోతేపా కొట్టులో మా నాన్నతో సహా కర్నల్ మనుషులు ఆకలితో తోలు బెల్టులు నమిలారు. అప్పుడు శాంతా ఇనెస్ ఆడవాళ్ళు వీపున కుండలు కట్టుకుని, రాత్రికి రాత్రి ఇదే కొండెక్కి తిండి తెచ్చారు. ఆ ఊరికి చూపించుకోవడానికి వంటిల్లు తప్ప ఏమీ లేదన్నాను కదా, చెప్పుకోవడానికి ఉన్నది ఇది. అక్కడ ఆడపిల్ల పుడితే చెవిలో చెప్పేది ఈ కథే. జ్వరమొచ్చిందని చెప్పొచ్చు, బస్సు పాడయిందని చెప్పొచ్చు. లోకంలో ఉన్న అబద్ధాలన్నీ వదిలేసి, ఆ ఊరి ఆడవాళ్ళకి వెళ్ళి 'రోడ్డు తెగిపోయింది' అని చెప్పాను. గాడిద కూడా ఇంకాస్త ఆలోచిస్తుంది.

అందరికంటే ముందు దెల్ఫినా ఉంది.

ముఖం నిండా దుమ్ము, చెమట. చెప్పు తెగితే దాన్ని గుడ్డపీలికతో కాలికి కట్టుకుంది. జుట్టు నెరిసింది, నాకంటే ఎక్కువే నెరిసింది, చూడగానే అది లెక్కేసుకున్నాను. అయినా ఆ కొండ దిగి వస్తుంటే, చేతులు జోడించి నిలబడాలనిపించేలా ఉంది. మేళం వాయించమని మాష్టారు అరుస్తున్నారు. బాకాలు మోగాయి, డప్పు మోగింది. క్లారినెట్ మాత్రం మోగలేదు. మా ఆయన దాన్ని చంకలో పెట్టుకుని, తలమీది టోపీ తీసి గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు. నా పెళ్ళిలో పాదిరీ చెబితే తీసిన టోపీ అది. ఎవరూ చెప్పకుండా తీయడం అప్పుడే చూశాను.

ఆవిణ్ణి అక్కడ అలా నిలబెట్టింది నేనే. బల్ల మీద మోలే వడ్డించి వెళ్ళిపోవాల్సిన మనిషిని కొండెక్కించి, వీపున కుండ పెట్టి, మూడూళ్ళ జనం ముందు దేవతని చేసి నిలబెట్టాను. తాను తీసిన గోతిలో తానే పడడం అంటే ఏమిటో వినడమే గాని, గోతిలోంచి పైకి చూస్తే ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది.

వంట తెచ్చినవాళ్ళ బరువు యాత్ర పెద్ద తన చేతులతో దించాలి. అది మా పద్ధతి. జనం నాకు దారి ఇచ్చారు. నేను వెళ్ళి దెల్ఫినా వీపు మీద శాలువా ముడి విప్పాను. తడిసి బిగుసుకుపోయింది, గోళ్ళతో లాగాల్సి వచ్చింది.

"మెల్లిగా వదినా, బరువుంది" అంది. తర్వాత నాకొక్కదానికే వినబడేలా, "నాగజెముడు మలుపు దగ్గరే నా మేకలు మేస్తాయి. నిన్న కూడా మేశాయి" అంది.

కుండ నా చేతుల్లోంచి జారబోయింది. ఆవిడే పట్టుకుంది.

"తెలిసి... మరి కొండెక్కి ఎందుకొచ్చావు?"

"రోడ్డు మీద వస్తే నీ అబద్ధం బయటపడదూ? జెండా మీద చెయ్యి వేసి అబద్ధమాడిందని ఊరంతా అంటుంది. ఈ ఏడు పెత్తనం నీ ఒక్కదానిదే కాదు కదా. మెలితోన్ పరువు పోతుంది."

నా పరువు కోసం అని ఉంటే కాళ్ళ మీద పడి ఉండేదాన్నేమో. మెలితోన్ పరువట. మా ఆయన పేరు ఆవిడ నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో, రోజూ అనుకునే పేరులా వచ్చింది. మిగతా ఆడవాళ్ళెవరికీ సంగతి తెలియదు. పాపం నిజంగానే రోడ్డు తెగిందనుకుని వచ్చారు.

భోజనాలయ్యాయి. మోలే బాగుంది. బాగుండకపోతే కొంచెమైనా ఊరట ఉండేది. మిరపకాయ ఎంత కాలాలో అంతే కాలింది, నువ్వులు ఎంత వేగాలో అంతే వేగాయి. మా ఆయన తలెత్తకుండా రెండోసారి వడ్డించుకున్నాడు. నేను ముద్ద ముద్దకీ నిప్పు మింగుతూ తిన్నాను. ఆ గొడవలో బర్రాంకా వెళ్ళే పొద్దు దాటిపోయింది. ఈ ఏటికి చాలు, ఇంతకంటే ఏం చూస్తాం అన్నారు మాష్టారు.

ఎండ కొండ మీదికి ఎక్కే వేళకి అసలు ముప్పు వచ్చింది.

"ఈ ముసలమ్మలు తిరిగి ఎలా వెళ్తారు? బస్సులో దింపుదాం" అన్నారు మాష్టారు.

"ఎలా దింపుతాను మాష్టారూ, రోడ్డు తెగిందిగా. పట్నం చుట్టూ తిరిగితే తెల్లారుతుంది. ఒంటికన్నుతో ఆ ఘాటీలో నేను తోలను" అన్నాడు రుతిలియో.

దెల్ఫినా ఖాళీ కుండ శాలువాలో కట్టుకుంటోంది. "దాన్దేముంది, ఎలా వచ్చామో అలానే పోతాం. మా అమ్మ రాత్రిపూట ఎక్కింది ఈ కొండ. మాకింకా వెలుగుంది" అంది. లేచి నిలబడబోయి, కాలు మోపలేక గోడ పట్టుకుంది. చెప్పు కట్టిన గుడ్డ ఎర్రగా తడిసి ఉంది.

అంతా చూశాను. అయినా నోరు విప్పలేదు. ఆ క్షణంలో నా మనసులో జాలి లేదు, నిజం చెబుతున్నాను. నడవనీ, కొండెక్కడం సరదా కదా అనుకున్నాను.

అప్పుడు మా ఆయన క్లారినెట్ పెట్టె మూసి నా చేతికిచ్చాడు. "ఇది నువ్వు పట్టుకెళ్ళు తీలా. నేను వాళ్ళకి తోడెళ్తా. ఆ కుండ నేను మోస్తా" అన్నాడు.

దెల్ఫినా తల తిప్పి ఆయన్ని చూసింది. అంతే, చూసింది. వద్దనలేదు.

కొండ దారి. చీకటి పడేవేళ. వీపున ఆవిడ కుండ. కాలు నొప్పి పుట్టినచోట చెయ్యి అందించాలి. రెండేళ్ళ ఆదివారాలు నడిచిన ఊరికి మళ్ళీ నడక. అవతల శాంతా ఇనెస్‌లో తెల్లవారేదాకా ఆగాలి, రోడ్డు లేదు కదా. ఇదంతా నేను వేసిన దారే.

"రోడ్డు తెగలేదు!" అని అరిచాను.

మేళంవాళ్ళు కూడా ఇటు తిరిగారు.

"రోడ్డు బాగుంది. ఏ చరియా విరగలేదు. నేనే అబద్ధం చెప్పాను. బస్సెక్కండి అందరూ."

మాష్టారు వెళ్ళి జెండా కర్ర పట్టుకుని నిలబడ్డారు. "జెండా మీద చెయ్యి వేశావమ్మా" అన్నారు చివరికి, నన్ను తిట్టినట్టు కాదు, ఎవరో పోయారన్న వార్త విన్నట్టు. "ఇంక ఆ జెండా నువ్వు ముట్టుకోకూడదు."

"ముట్టుకోను" అన్నాను.

శాంతా ఇనెస్ ముసలావిడ ఒకతె మోకాళ్ళు రుద్దుకుంటూ, "అయితే నా మోకాళ్ళు ఊరికే అరిగాయా? ఎందుకమ్మా, మా చేతి కూడు అంత చేదా?" అంది. ఎవరో నవ్వారు. ఆ నవ్వు బల్లల చుట్టూ పాకింది. ఎందుకో చెప్పనక్కరలేకపోయింది. జనం ముందు నన్ను చూశారు, తర్వాత దెల్ఫినాని, తర్వాత మా ఆయన్ని. గుసగుసలు మొదలయ్యాయి. కోళ్ళకే తెలిసిన సంగతి మనుషులకి తెలియదా.

మా ఆయన నా చేతిలోంచి క్లారినెట్ పెట్టె తీసుకున్నాడు. కోప్పడతాడనుకున్నాను, కోప్పడితే బాగుండేది. "ఎక్కు" అన్నాడు. వెళ్ళి ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాడు.

బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంది. అందరూ ఇరుక్కుని కూర్చున్నారు గాని అక్కడ ఎవరూ కూర్చోలేదు. చివరికి దెల్ఫినా కుంటుకుంటూ వచ్చి కూర్చుంది. మట్టి, చెమట, మిరపకాయ కలిసిన వాసన వేసింది. రోడ్డు చీలే చోట రుతిలియో తిప్పాడు, బస్సు మట్టిరోడ్డు ఎక్కింది.

"ఎందుకు ఒప్పుకున్నావు? నేను నడిచేదాన్నే" అంది.

"ఆయన తోడొస్తానన్నాడు కదా."

ఫక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చేది, ఇంకెవరైనా అయితే. "అంత భయమా నేనంటే?"

"భయం కాదు. కుళ్ళు."

"నాకుండదా? నలుగురు పిల్లలు నీకు. పండక్కి మీ ఊరొచ్చినప్పుడల్లా నీ పిల్లల్లో ఎవరికి ఆయన ముక్కొచ్చిందా అని చూసేదాన్ని" అంది. కాసేపు కిటికీలోంచి చూసి, మళ్ళీ గొంతు తగ్గించి, "ఒక్కటి అడుగుతా వదినా. ఇంకెవర్నీ అడగలేను. ఇంట్లో ఎప్పుడైనా నా ఊసెత్తుతాడా?" అంది.

అప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. పొద్దున్నుంచీ నేను పడిన అవమానమంతా తీర్చుకునే మాట నా దగ్గర ఉంది, పైగా అది నిజం. కల్పించక్కరలేదు.

"లేదు" అన్నాను. "ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా నీ పేరెత్తలేదు. చిన్నప్పుడు చచ్చిన గాడిద గురించి చెబుతాడు. బాకీ ఎగ్గొట్టిన బార్బరు గురించి చెబుతాడు. మీ ఊళ్ళో ప్రతి గడప గురించీ చెబుతాడు. నీ గురించి ఒక్క మాట లేదు. తాగినప్పుడు కూడా లేదు."

ఆవిడ తల వంచుకుంది. శాలువా అంచు నోటికి అడ్డం పెట్టుకుంది, భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. తగిలిందిలే అనుకున్నాను.

శాలువా తీసింది. ఏడవడం లేదు. ఆ ముఖం మీద అలసట ఎక్కడికి పోయిందో తెలియదు, పెళ్ళికూతురి ముఖంలా వెలుగుతోంది.

"తాగినప్పుడు కూడా లేదా?" అంది, పిల్లలు ఇష్టమైన తినుబండారం ఇంకొంచెం పెట్టమన్నట్టు.

అప్పుడు అర్థమయింది నేనేం చేశానో. చచ్చిన గాడిదని కూడా తలుచుకునే మనిషి ఒక్క పేరు మాత్రం ఎత్తడంలేదంటే, అది మరిచిపోయినందుకు కాదు. నోరు తెరిచాను, ఎప్పుడైనా అంటుంటాడులే అని అబద్ధం చెబుదామని. ఆ రోజుకి నా అబద్ధాలన్నీ అయిపోయాయి, ఇంక ఎవరూ నమ్మరు.

"లేదన్నాను కదా" అన్నాను.

ఆవిడ తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది. ముప్పై ఏళ్ళు నా నిద్ర చెడగొట్టిన ఆ మౌనాన్ని నా చేత్తోనే తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాను, ఆవిడ దాన్ని రెండు చేతులా అందుకుని ఇంటికి పట్టుకెళ్ళింది.